కుక్కా, కయోటీయా? సంశయానికీ నిర్ణయానికీ మధ్య

మసకవెలుతురులో దూరాన నిలువుగా కనిపించేది మోడా, మనిషా అన్న ప్రశ్న న్యాయదర్శనంలో సంశయానికి చెప్పే ప్రసిద్ధ ఉదాహరణ. ఒకే ధర్మిలో, అంటే ఎదుట ఉన్న ఒకే వస్తువులో, పరస్పరం పొసగని ధర్మాలను ఒకేసారి ఊహించే జ్ఞానాన్ని నైయాయికులు సంశయమన్నారు. మోడుకూ మనిషికీ సమానమైన నిలువెత్తు కంటికి ఆనుతుంది గానీ, మోడుకే ఉండే తొర్రలు గాని మనిషికే ఉండే కాళ్లూ చేతులూ గాని ఆనవు కనుక బుద్ధి రెండు కొనల మధ్య ఊగుతుంది. ఉత్తర అమెరికా పల్లెల్లోనూ నగర శివార్ల కాలనీల్లోనూ ఈ ఉదాహరణకు దీటైనది దాదాపు ప్రతి సాయంత్రం ఎదురవుతూ ఉంటుంది. చీకటి పడే వేళ మురుగుకాలువ గట్టున, గోల్ఫ్ మైదానం అంచున, ఇళ్ల వెనుక కంచె పక్కన నడిచిపోయే బూడిదరంగు జంతువు ఎవరో వదిలేసిన కుక్కా, లేక కయోటీయా? ఇది జంతుశాస్త్రానికి మాత్రమే చెందిన ప్రశ్న అయితే ఒక చేతిపుస్తకంతో తీరిపోయేది. కాని 'ఇది ఫలానా' అని గుర్తించడంలో ఏ ప్రమాణం పనిచేస్తుంది, ఆ గుర్తింపు ఎప్పుడు నిర్ణయమనిపించుకుంటుంది, నిర్ణయం కుదరకముందే చర్యకు దిగినవాడి బాధ్యత ఎంత అన్నవి భారతీయ దార్శనికులు శతాబ్దాల పాటు తర్కించిన విషయాలు; కయోటీ వాటికి అనుకోకుండా దొరికిన గీటురాయి.

కయోటీ తోడేలుకూ, పెంపుడు కుక్కకూ, మన పొలాల్లో తిరిగే నక్కకూ దగ్గరి చుట్టం. నాలుగూ కానిస్ అనే ఒకే ప్రజాతికి చెందినవి. థామస్ సే అనే అమెరికన్ ప్రకృతి శాస్త్రవేత్త 1823లో దీనికి కానిస్ లాట్రాన్స్ అని శాస్త్రనామం పెట్టే నాటికి ఇది ప్రధానంగా ఆ ఖండపు పశ్చిమ, మధ్య భాగాల గడ్డిమైదానాల్లోనూ ఎడారి నేలల్లోనూ మెక్సికోలోనూ తిరిగే జంతువు. పశువుల మందలను కాపాడుకునే పేరిట తోడేళ్లను తుపాకులతోనూ విషంతోనూ దాదాపు తుడిచిపెట్టాక ఆ ఖాళీలోకి కయోటీ వ్యాపించింది. అడవులు నరికి పొలాలు చేయడం దానికి మరింత కలిసివచ్చింది. నేడు హవాయి తప్ప అమెరికా రాష్ట్రాలన్నింటిలోనూ, కెనడాలో చాలా భాగంలోనూ, దక్షిణాన పనామా వరకూ ఇది ఉంది. ప్రభుత్వ విభాగాలే ఏటా పదుల వేల కయోటీలను చంపుతున్నా దీని విస్తరణ ఆగలేదు. చికాగో నగరమున్న కుక్ కౌంటీలో 2000 నుంచి స్టాన్లీ గెర్ట్ అనే శాస్త్రవేత్త ఆధ్వర్యంలో సాగుతున్న పరిశోధన, కయోటీల మెడకు రేడియో పట్టీలు కట్టి వాటి రాకపోకలను వెంబడించి, అవి నగరంలోకి దారితప్పి వస్తున్నవి కావనీ, అక్కడే జతకట్టి పిల్లలను పెంచుతూ, పగలు పొదల్లో దాగి రాత్రుళ్లు తిరుగుతున్నాయనీ చూపించింది. 2007 ఏప్రిల్‌లో చికాగో నడిబొడ్డున ఒక కయోటీ పట్టపగలు శాండ్‌విచ్ దుకాణంలోకి నడిచివచ్చి శీతలపానీయాల అరలో పడుకున్న ఉదంతం పత్రికలకెక్కింది. అది మినహాయింపు కనుకనే వార్త అయింది. పొరుగున కయోటీ ఉందని తెలియకుండానే ఏళ్లు గడిపేవారు అక్కడ ఎందరో.

కొత్తచోటికి వచ్చినవాడికి తెలియని జంతువును పరిచయం చేయాలంటే తెలిసినదానితో పోల్చి చెప్పడమే ఎక్కడైనా వాడుక. దీన్ని న్యాయదర్శనం ఉపమానమనే ప్రత్యేక ప్రమాణంగా నిలబెట్టింది. ఆంధ్రదేశీయుడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రచించిన తర్కసంగ్రహాన్ని చదివిన ప్రతి విద్యార్థికీ గవయం ఉదాహరణ పరిచితమే. గవయమంటే ఏమిటో ఎరుగనివాడికి అడవిలో తిరిగే మనిషి అది ఆవులాంటిదని చెబుతాడు. తరువాత అతడు అడవికి పోయి, ఆవులాంటి మృగాన్ని చూసి, విన్న మాట గుర్తుచేసుకుని, గవయమంటే ఇదేనని తెలుసుకుంటాడు. కన్ను రూపాన్ని చూపింది, ఆప్తుడి మాట పోలికను ముందే అందించింది, కాని పేరుకూ పేరుగలదానికీ మధ్య ముడిని, అంటే సంజ్ఞా సంజ్ఞి సంబంధాన్ని, ఆ రెండింటిలో ఏదీ విడిగా ఇవ్వలేదు కనుక ఇక్కడ పుట్టిన జ్ఞానం వేరే ప్రమాణానికి ఫలమని నైయాయికుల వాదం. వైశేషికులు ఒప్పుకోక దీన్ని అనుమానంలో కలిపేశారు. బౌద్ధులూ దీన్ని విడి ప్రమాణంగా లెక్కించలేదు. వాత్స్యాయనుడి భాష్యంలో దీనికి మరింత పనికివచ్చే ఉదాహరణ ఉంది: ముద్గపర్ణి అనే మందుమొక్క పెసర మొక్కలాంటిదని విన్నవాడు ఆ పోలికను పట్టుకుని దాన్ని ఏరితెచ్చి వైద్యానికి వాడుకుంటాడు. ఉపమానం కేవలం పండితుల ముచ్చట కాదనీ, తప్పితే ప్రాణాల మీదికి వస్తుందనీ ఆ ఉదాహరణ చెప్పకనే చెబుతుంది.

డల్లస్ శివార్లలో కొత్తగా ఇల్లు కొనుక్కున్న తెలుగు కుటుంబానికి, కయోటీ కుక్కలాంటిదే గానీ అడవిదని పొరుగువారు చెప్పినప్పుడు జరిగేది పైకి చూస్తే అచ్చంగా గవయ ప్రసంగమే. అయితే అక్కడ నడిచిన ఉపమానం ఇక్కడ తడబడుతుంది. అడవి మనిషి చెప్పిన అడవిలో ఆవులు తిరగవు కనుక అక్కడ ఆవులాంటిది కనబడితే గవయమని తేల్చుకోవచ్చు. శివారు వీధిలో తిరిగేవి ఎక్కువగా కుక్కలే కనుక కుక్కలాంటిది కనబడితే అది కుక్కే అయ్యే అవకాశం హెచ్చు. సంశయాన్ని తీర్చవలసిన పోలికే సంశయాన్ని పుట్టిస్తోంది. గౌతముడి న్యాయసూత్రాలు సంశయానికి చెప్పిన కారణాలలో మొదటిది సమానధర్మం కనిపించడమే. పెద్దలు పరస్పర విరుద్ధంగా చెప్పడం, అంటే విప్రతిపత్తి, మరొకటి. కుడి పక్కింటివారు కుక్కేనని, ఎడమ పక్కింటివారు కయోటీయేనని పట్టుబట్టినప్పుడు ఈ రెండు కారణాలూ ఒకేచోట పోగుపడతాయి. తరువాతి నైయాయికులు ఈ ఇబ్బంది ఎరిగినవారిలా వైధర్మ్యోపమానాన్ని, అంటే భేదాన్ని చెప్పి గుర్తింపజేసే పద్ధతిని, కూడా అంగీకరించారు. మిగతా పశువుల్లా కాక మెడ మరీ పొడుగనీ, కరుకు ముళ్లు తింటుందనీ విన్నవాడు ఒంటెను ఆ భేదాల బట్టి గుర్తుపట్టడం వారి ఉదాహరణ. కయోటీ గుర్తింపంతా ఈ రెండో దారిన సాగేదే.

మీమాంసకులు ఉపమానాన్ని ఒప్పుకున్నా దాని ఫలాన్ని వేరుగా చెప్పారు. వారి మతంలో అడవిలో గవయాన్ని చూసినవాడికి కొత్తగా తెలిసేది గవయం పేరు కాదు, ఇంటి దగ్గర విడిచివచ్చిన తన ఆవు దీనిలా ఉంటుందన్న సంగతి. నైయాయికులు దీన్ని ఎంత ఖండించినా, వలసవచ్చినవారి అనుభవానికి ఈ వివరణే దగ్గరగా ఉందనిపిస్తుంది. గుంటూరు జిల్లా చేలగట్ల మీద నక్కలను చూస్తూ పెరిగినవాడు టెక్సస్‌లో కయోటీని చూడగానే ముందుగా తలచుకునేది ఆ నక్కనే. అది ఎంత చిన్నదో, దాని కాళ్లు ఎంత పొట్టివో, ఊళ ఎలా వేరుగా ఉండేదో అప్పుడే మొదటిసారిగా తేటపడుతుంది.

భేదాలతో గుర్తించాలంటే ఆ భేదాలు ఎలాంటివై ఉండాలన్న ప్రశ్న వస్తుంది. దీనికి తర్కశాస్త్రంలో సిద్ధంగా ఉన్న ఉపకరణం లక్షణ విచారణ. లక్షణమంటే అసాధారణ ధర్మం, అనగా నిర్వచించదలచిన వస్తువులన్నింటిలోనూ ఉండి వాటిలో తప్ప మరెక్కడా లేనిది. దానికి మూడు దోషాలు చెప్పారు. ఆవంటే కపిల వర్ణం కలది అంటే తెల్లావులు తప్పిపోతాయి కనుక అవ్యాప్తి, కొమ్ములు కలది అంటే గేదెకూ అన్వయిస్తుంది కనుక అతివ్యాప్తి, ఒంటిగిట్ట కలది అంటే ఏ ఆవుకూ అన్వయించదు కనుక అసంభవం. కయోటీకి జనం చెప్పే గుర్తులను ఒక్కొక్కటిగా ఈ జల్లెడలో వేస్తే చాలా వరకూ నిలబడవు. బూడిద, గోధుమ కలిసిన రంగు అంటే ఎడారి ప్రాంతాల పాలిపోయిన కయోటీలూ, ఎర్రటి ఛాయ కలవీ, ఆగ్నేయ రాష్ట్రాల్లో కనిపించే నల్లటివీ బయట మిగిలిపోతాయి. నిక్కిన కోసు చెవులంటే జర్మన్ షెపర్డ్, హస్కీ లాంటి కుక్కలన్నీ లోపలికి వచ్చేస్తాయి. తోడేలంత ఒడ్డు అంటే దాదాపు అసంభవమే, ఎందుకంటే పశ్చిమ ప్రాంతపు కయోటీ సాధారణంగా తొమ్మిది నుంచి పదహారు కిలోల బరువు తూగుతుంది, తోడేలు అంతకు రెండు మూడింతలు ఉంటుంది. అయినా చలికాలపు దట్టమైన బొచ్చు దాని ఒంటిని ఎంతో పెద్దదిగా చూపడం వల్ల తోడేలును చూశామని ఖచ్చితంగా చెప్పేవారికి కొదవ లేదు.

మిగిలినవాటిలో కాస్త బలమైనవి సన్నటి మూతి, తల పరిమాణానికి మించిన చెవులు, పసుపు వన్నె కళ్లు, పొడవైన సన్నని కాళ్లు, కొస నల్లగా ఉండే కుచ్చుతోక. వీటిలో తోక దగ్గర కొంతసేపు ఆగాలి, ఎందుకంటే అనుభవజ్ఞులు రంగుకన్నా దీన్నే నమ్ముతారు. పరుగెత్తే కయోటీ తోకను నడుము మట్టం కన్నా కిందికి, వెనుక కాళ్ల వైపు వేలాడేలా ఉంచుతుంది. కుక్క పరుగెత్తేటప్పుడు తోక పైకి లేస్తుంది లేదా వంపు తిరుగుతుంది. ఎర్రనక్క తన తోకను నేలకు సమాంతరంగా చాపుతుంది, పైగా దాని తోక కొస తెల్లగా ఉంటుంది. నడకలోనూ తేడా ఉంది. మనిషి వెంట వచ్చిన కుక్క ప్రతి చెట్టునూ స్తంభాన్నీ వాసన చూస్తూ అటూ ఇటూ తిరుగుతుంది. కయోటీ ఒకే వేగంతో, చాలాసార్లు వెనుక పాదాన్ని ముందుపాదం పడిన గుర్తులోనే వేస్తూ, గీత గీసినట్టు పోయి, కొంత దూరాన ఆగి, ఒక్కసారి భుజం మీదుగా వెనక్కి చూసి మళ్లీ సాగిపోతుంది. ఎలుకను పట్టేటప్పుడు ఇంకా స్పష్టంగా తెలుస్తుంది: గడ్డిలోనో మంచులోనో కదలిక వినగానే కొయ్యబారి, చెవులు ముందుకు రిక్కించి, తల ఒక పక్కకు వంచి, ఉన్నట్టుండి నాలుగు కాళ్లతో గాలిలోకి లేచి, ముందుపాదాలూ మూతీ ఒకేచోట పడేలా దిగుతుంది.

అయితే భయపడిన కుక్క కూడా తోకను కాళ్ల మధ్యకు ముడుస్తుంది. కోపంతో ఎదురు తిరిగిన కయోటీ తోక పైకి లేచేదీ ఉంది. కనుక ఇవి కచ్చితార్థంలో లక్షణాలు కావు, ఉపలక్షణాలు. దేవదత్తుడి ఇల్లేదని అడిగినవాడికి, అదుగో కాకి వాలి ఉన్న ఇల్లని చూపినప్పుడు, కాకి ఆ ఇంటిలో భాగం కాదు, రేపు ఉండదు కూడా. అయినా చూపవలసిన క్షణంలో ఇంటిని మిగతా ఇళ్ల నుంచి వేరు చేసి చూపుతుంది. అలాంటిదాన్ని శాస్త్రం ఉపలక్షణమంది. గుర్తింపు పుస్తకాలు చేసే ఒక పెద్ద పొరపాటు, వాలిన కాకిని ఇంటి గోడగా చెప్పడం. ఒక్కో గుర్తూ బలహీనమే అయినా అయిదారు గుర్తులు ఒకేచోట కూడినప్పుడు, వాటన్నింటినీ కలిగిన కుక్క దొరకడం అరుదు కనుక, ఆ కూడికే విశేషదర్శనమవుతుంది. అంటే ఒక పక్షాన్ని నిలిపి రెండో పక్షాన్ని తోసిపుచ్చే ప్రత్యేక ధర్మం కంటబడుతుంది. అది జరగనంత వరకూ చూసినదాన్ని సంశయమనే పిలవాలి.

చాలామంది విషయంలో కయోటీ కంటబడదు, దాని జాడలే కంటబడతాయి. అందుచేత ఈ విద్యలో సగం ప్రత్యక్షానిది కాదు, అనుమానానిది. కార్యాన్ని బట్టి కారణాన్ని ఊహించే అనుమానాన్ని శేషవత్తు అన్నారు. ఏరు పొంగి బురదనీరు వస్తే పైన వాన కురిసిందని తెలుసుకోవడం దీనికి ఉదాహరణ. బురదలో పడిన కయోటీ పాదముద్ర సుమారు ఆరు సెంటీమీటర్ల పొడవున, కోలగా, వేళ్లు దగ్గరకు చేరి, ముందరి గోళ్ల గుర్తులు ఒకదానివైపు ఒకటి ఒదిగి ఉంటుంది. కుక్క పాదం తరచు గుండ్రంగా, వేళ్లు విచ్చుకుని ఉంటుంది. పిల్లిజాతివైతే గోళ్ల గుర్తే సాధారణంగా పడదు. దారి నడిమధ్యన కావాలని వేసినట్టుండే మలంలో ఎలుకల బొచ్చు, ఎముకల పలుకులు, వేసవి చివర్లో పండ్ల గింజలు కనిపిస్తాయి; డబ్బా మేత తినే కుక్క మలం ఏకరీతిగా ఉంటుంది. ఒక్క పాదముద్ర మీద నిర్ణయం చేసేవాడి హేతువు వ్యభిచరిస్తుంది, అంటే నిరూపించదలచినది లేనిచోట కూడా ఆ హేతువు కనిపించే వీలుంటుంది, ఎందుకంటే మధ్యస్థాయి కుక్కల్లో అలాంటి పాదం కలవి ఉన్నాయి. వరుసగా ఇరవై ముద్రలను చూసి, వాటి తిన్నని బాటను కూడా చూసినవాడి హేతువు అంతకన్నా గట్టిది.

అనుమానం నమ్మదగ్గది కాదన్న పూర్వపక్షాన్ని గౌతముడు రెండో అధ్యాయంలో ఎత్తుకున్న తీరు ఇక్కడ ప్రత్యేకంగా గమనించదగ్గది. ఏరు అడ్డుకట్ట వల్లనూ పొంగవచ్చు, వానరాకకు గుర్తుగా చెప్పే చీమల గుడ్ల తరలింపు పుట్ట చెదిరినందువల్లనూ జరగవచ్చు, నెమలి కూతను మనిషి కూడా అనుకరించవచ్చు కదా అని ఆక్షేపణ. దానికి సమాధానం: వాన వల్ల వచ్చే వరదకు వేగమూ, నురగా, కొట్టుకువచ్చే ఆకులూ కట్టెలూ అనే విశేషాలుంటాయి, వాటిని చూడక నీరు పెరగడాన్ని మాత్రమే చూసి పొరబడితే ఆ దోషం అనుమానానిది కాదు, అనుమానం చేసినవాడిది. కయోటీ ఊళ విషయంలో జరిగేది ఇదే. చీకట్లో ఊళలు చెలరేగినప్పుడు పది పదిహేను జంతువుల గుంపు ఇంటిని చుట్టుముట్టిందనే జనం అనుకుంటారు. నిజానికి రెండే కయోటీలు, గొంతు స్థాయిని క్షణక్షణానికీ మారుస్తూ కీచుకూతలూ మొరుగులూ కలిపి వేసినప్పుడు, చెట్లకూ గోడలకూ తగిలి తిరిగివచ్చే ప్రతిధ్వనితో కలిసి ఆ గుంపు భ్రమ కలుగుతుంది. నెమలి కూత ఆక్షేపణకు కూడా ఇక్కడ జోడు ఉంది, ఎందుకంటే కయోటీని రప్పించడానికి దాని ఊళనూ, గాయపడిన కుందేలు అరుపునూ అనుకరించే ఈలలు వేటగాళ్ల దగ్గర ఉంటాయి. అప్పుడు పొరబడే వంతు కయోటీది.

గుర్తులన్నీ ఉన్నా పొరబడడం ఒక సంగతి. గుర్తులే మాయమైనప్పుడు ఏమవుతుందన్నది దానికన్నా లోతైనది. 2007లో టెక్సస్‌లోని క్యూరో పట్టణం దగ్గర, ఒంటి మీద బొచ్చు లేక నీలిబూడిద తోలుతో, కోరలు బయటికి పొడుచుకువచ్చినట్టున్న ఒక చచ్చిన జంతువు దొరికితే, మేకల నెత్తురు తాగుతుందని మెక్సికో సరిహద్దు ప్రాంతాల్లో చెప్పుకునే చుపకాబ్రా అదేనని పెద్ద ప్రచారం జరిగింది. డీఎన్ఏ పరీక్ష దాన్ని కయోటీ కుదురుకు చెందినదిగా తేల్చింది. అలాంటి వింతజంతువుల వెనుక తరచు ఉండేది తోలుపురుగుల వల్ల వచ్చే గజ్జి. అది ముదిరితే బొచ్చంతా రాలి, తోక తాడులా మిగిలి, జంతువు ఎముకలగూడులా తయారవుతుంది. పంచతంత్రంలో నీలిమందు తొట్టిలో పడి రంగు మారిన నక్కను సింహంతో సహా అడవి మృగాలన్నీ కొత్త జీవమనుకున్నాయి; అక్కడ పాత నక్క ఊళ దాన్ని పట్టిచ్చింది, ఇక్కడ పరీక్షశాల ఆ పని చేసింది. పదానికి అర్థం వ్యక్తి, ఆకృతి, జాతి అనే మూడూ అని న్యాయసూత్రాలు చెప్పాయి. ఆకృతి, అంటే అవయవాల అమరికతో ఏర్పడిన రూపం, జాతిని సూచించేది మాత్రమే గానీ జాతి కాదని ఈ రెండు ఉదంతాలూ చూపుతున్నాయి.

మరి జాతి అంటే ఏమిటి? నిత్యమై, ఒక్కటై, అనేక వ్యక్తుల్లో సమవాయ సంబంధంతో ఉండేది జాతి అని న్యాయ వైశేషికుల నిర్వచనం. ఈ నిర్వచనానికి ఖండపు తూర్పు తీరపు కయోటీ గట్టి పరీక్ష పెడుతుంది. పశ్చిమం నుంచి మహాసరస్సుల ప్రాంతం మీదుగా తూర్పుకు వ్యాపించే క్రమంలో కయోటీలు అక్కడ మిగిలిన కొద్దిపాటి తోడేళ్లతోనూ, కొంతమేరకు కుక్కలతోనూ జతకట్టాయి. న్యూ ఇంగ్లండ్‌లో నేడు తిరిగేవి పశ్చిమపు వాటికన్నా బరువైనవి, వాటి జన్యువుల్లో సుమారు మూడింట రెండు వంతులు కయోటీవి కాగా మిగిలినవి తోడేలువీ కుక్కవీ. ఉదయనాచార్యుడు కిరణావళిలో చెప్పిన జాతిబాధకాలలో, అంటే ఒక సామాన్యధర్మాన్ని జాతిగా అంగీకరించనీయని అడ్డంకులలో, సాంకర్యం ఒకటి: ఒకదాన్ని విడిచి మరొకటి ఉండగలిగే రెండు ధర్మాలు ఎక్కడో ఒకచోట కలిసి కనిపిస్తే వాటిని జాతులుగా ఒప్పుకోరాదు. తోడేలుతనమూ కయోటీతనమూ యెల్లోస్టోన్‌లో విడివిడిగానూ మసాచుసెట్స్ అడవిలో ఒకే ఒంట్లోనూ ఉంటే, ఉదయనుడి కొలబద్ద ప్రకారం అవి జాతులు కావు, వ్యవహారానికి మనం తగిలించిన ఉపాధులు. పరిణామవాదం చదివిన ఆధునికుడు చేరే ముగింపు కూడా దీనికి చాలా దూరం కాదు. ఉదయనుడు ఆ దారిన రాకపోయినా నియమం మాత్రం అక్కడికే తీసుకువస్తుంది.

బౌద్ధ తార్కికులు జాతినే ఒప్పుకోలేదు. దిఙ్నాగుడి అపోహవాదం ప్రకారం ఆవు అనే మాట చెప్పేది ఆవులన్నింటిలో ఉన్న ఒకానొక సారాన్ని కాదు, ఆవు కానివాటి నుంచి వేరుచేయడాన్ని. గుర్తింపు పుస్తకాల అసలు పనితీరు ఇదే: తోడేలు కాదు ఎందుకంటే చిన్నది, ఎర్రనక్క కాదు ఎందుకంటే తోక కొస తెల్లగా లేదు, కుక్క కాదు ఎందుకంటే నడక వేరు, కనుక కయోటీ. కుమారిలభట్టు దీని మీద వేసిన ఆక్షేపణ, ఆవు తెలియనిదే ఆవు కానిది తెలియదు కనుక ఇది అన్యోన్యాశ్రయమన్నది. కుక్క విషయంలో ఆ ఆక్షేపణ మరీ బరువెక్కుతుంది. అరచేతిలో ఇమిడే చివావా నుంచి దూడంత గ్రేట్ డేన్ వరకూ రూపాలు కలిగిన ఈ జంతువును పూర్తిగా తోసిపుచ్చడం ఎవరికీ సాధ్యం కాదు. అపోహ ఆచరణలో పనిచేస్తుంది, సిద్ధాంతంగా నిలవదనడమే న్యాయం.

జ్ఞానం ఎప్పుడు ప్రమాణమవుతుందన్న విషయంలో మీమాంసకులకూ నైయాయికులకూ ఉన్న తగవు ఇక్కడ ఆచరణకు దిగుతుంది. జ్ఞానం స్వతఃప్రమాణమనీ, దాన్ని బాధించే మరో జ్ఞానం గాని, కరణదోషం, అంటే కన్ను, వెలుతురు వంటి సాధనాల లోపం గాని బయటపడనంత వరకూ నమ్మవలసిందేననీ కుమారిలుడి పక్షం. ప్రామాణ్యం బయటి నుంచి, ప్రవృత్తి సఫలం కావడం వంటి పరీక్షతో తేలాలని నైయాయికుల పక్షం. సంధ్యవేళ, దూరాన, పెంపుడు పిల్లి ఏమైందోనన్న ఆదుర్దాతో చూసినవాడి విషయంలో కరణదోషాలన్నీ ముందే తెలిసి ఉంటాయి కనుక మీమాంసకుడు కూడా అతడి నిర్ణయాన్ని ఆమోదించలేడు. భయం కూడా దోషమే. అమెరికా, కెనడాలలో కయోటీల వల్ల మనుషులు చనిపోయినట్టు నమోదైనవి రెండే ఉదంతాలు: 1981లో కాలిఫోర్నియాలోని గ్లెండేల్‌లో ఒక పసిపాప, 2009లో కెనడాలోని కేప్ బ్రెటన్‌లో ఒక యువతి. మనుషుల మీదికి వచ్చిన ఘటనల్లో చాలావాటి వెనుక ఎవరో తిండి పెట్టి మచ్చిక చేసిన చరిత్ర ఉంటుంది.

అసలు కీలకం మరొకచోట ఉంది. సంశయానికి రెండు కోటులు, అంటే రెండు కొనలు, ఉంటాయి. వాటిలో ఏది నిజమైనా సరిపోయే చర్యలు కొన్ని, ఒక్క కోటి నిజమైతేనే సరిపోయే చర్యలు కొన్ని. పిల్లిని లోపలికి తెచ్చుకోవడం, చిన్న కుక్కను తాడుతో పట్టుకోవడం, వెన్నుచూపి పరుగెత్తకుండా చేతులు పైకెత్తి గట్టిగా కేకలు వేయడం, ఎదుట ఉన్నది ఊరకుక్క అయినా కయోటీ అయినా తగినవే. వాటికి నిర్ణయం అక్కర లేదు. తుపాకీ పేల్చడం రెండో తరగతిది. న్యాయసూత్రాల పదహారు పదార్థాలలో సంశయం మూడోది, నిర్ణయం తొమ్మిదోది. మధ్యలో ప్రయోజనం, దృష్టాంతం, సిద్ధాంతం, అవయవాలు, తర్కం అనే అయిదు మెట్లున్నాయి. తుపాకీ గుర్రం మీద వేలున్నవాడు ఆ అయిదింటినీ ఒక్క గంతులో దాటుతాడు.

ఆ గంతుకు మన వాఙ్మయంలో అందరూ ఎరిగిన ఉదాహరణ దశరథుడిది. చీకట్లో సరయూ తీరాన, కుండ నిండే చప్పుడును ఏనుగు నీళ్లు తాగే చప్పుడని ఊహించి, శబ్దాన్ని బట్టి బాణం వేసి మునికుమారుడిని చంపాడు. ఆ చప్పుడు ఏనుగుకూ కుండకూ సమానధర్మమైన హేతువు. విశేషం కనబడలేదు, కనబడేదాకా ఆగలేదు. వాల్మీకి ఆ మునికుమారుడి తండ్రి చేత పలికించిన తీర్పు సూక్ష్మమైనది: తెలియక చేసినందువల్ల రాజు అక్కడికక్కడే నశించలేదు, కాని పుత్రశోకంతో మరణించే ఫలం నుంచి తప్పించుకోలేకపోయాడు. అజ్ఞానం శిక్షను తగ్గించింది, పూర్తిగా రద్దు చేయలేదు.

అమెరికా న్యాయస్థానాలు ఇదే ముడిని విప్పడానికి ప్రయత్నించాయి. 1995 జనవరిలో కెనడా నుంచి యెల్లోస్టోన్‌కు తెచ్చిన తోడేళ్లలో ఒకదాన్ని ఆ ఏప్రిల్‌లోనే మాంటానాలో రెడ్ లాడ్జ్ పట్టణం దగ్గర కాల్చి చంపిన మెకిట్రిక్ అనే వ్యక్తి, తాను దాన్ని కుక్క అనుకున్నానని వాదించాడు. చంపినది తోడేలని అతడికి తెలుసునని ప్రభుత్వం రుజువు చేయనక్కర లేదని పై కోర్టు 1998లో శిక్షను ఖాయం చేసింది. కాని మరుసటి ఏడాది న్యాయశాఖ తనంతట తానే వెనక్కి తగ్గి, ఏ జంతువో తెలిసి చంపినట్టు రుజువు చేయగలిగితేనే నేరం మోపాలని నిశ్చయించుకుంది. మెకిట్రిక్ విధానమని పేరుపడిన దీని ప్రకారం, కయోటీ అనుకున్నానన్న మాట మంచి రక్షణ కవచమైంది. మునికుమారుడి తండ్రి ఇచ్చినదానికన్నా ఇది చాలా ఉదారమైన తీర్పు, అవసరమైనదానికన్నా ఉదారమైనది కూడా. చూడడానికి వీలుండీ చూడనివాడినీ, చూసినా తెలుసుకోలేకపోయినవాడినీ అది ఒకే గాటన కడుతుంది.

ఉత్తర కరోలినాలో వేరే దారి తొక్కారు. 1980లో అడవుల్లో అంతరించిందని ప్రకటించిన ఎర్రతోడేలును, బోనుల్లో పెంచి, 1987లో అక్కడి తూర్పు తీరపు చిత్తడి నేలల్లో మళ్లీ వదిలారు. ఎత్తులో, రంగులో అది కయోటీకి ఎంత దగ్గరంటే, కయోటీల వేటగాళ్ల చేతిలో పొరపాటున చచ్చినవి ఎక్కువయ్యాయి. 2014లో కోర్టు ఎర్రతోడేళ్లు తిరిగే అయిదు కౌంటీల్లో కయోటీ వేటను ఆపింది. తరువాతి రాజీలో రాత్రి వేటను పూర్తిగా నిషేధించి, పగటి వేటకు అనుమతిపత్రం తప్పనిసరి చేశారు. వేటగాడి మనసులో ఏమున్నదని అడగడం మాని, విశేషదర్శనానికి వీలున్న వెలుతురులోనే తుపాకీ ఎత్తమన్న నిబంధన ఇది. దానికి తోడు అధికారులు తోడేళ్ల మెడకు దూరం నుంచి కనబడే నారింజరంగు పట్టీలు కట్టసాగారు. ప్రకృతి ఇవ్వని అసాధారణ ధర్మాన్ని మనుషులు తయారుచేసి తొడిగారన్నమాట. అయితే ఆ పట్టీకి కూడా అవ్యాప్తి దోషం తప్పలేదు, ఎందుకంటే వసంతంలో పుట్టే పిల్లలకు, అధికారులు పట్టుకుని కట్టేదాకా, మెడలో ఏదీ ఉండదు.